అందరూ లేచి నిలబడి అన్న మాట

లిఫ్టు మెకానిక్‌కి చుట్టాలంటూ ఎవరూ లేరు. ప్రేమించి పెళ్ళి చేసుకున్నందుకు రెండు వైపులవాళ్ళూ ముఖం చాటేశారు. భార్య, పనిముట్ల సంచీ, ఆదివారం చర్చి, అదే అతని లోకం. చర్చి పాటల బృందంలో అతనిది వెనక వరస, లోతైన గొంతు. పొద్దస్తమానం పైకీ కిందకీ తిరిగేవాడివి, నీకు స్వరాలు ఎక్కి దిగడం వేరే నేర్పాలా అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకి కూతురు పుట్టింది. అప్పటిదాకా ఆ ఆంగ్లికన్ సంఘంలో బాప్తిస్మమంటే ఏదో ఒక సాయంత్రం తలుపు పక్క రాతి తొట్టి దగ్గర ఇంటివాళ్ళు చేరి కానిచ్చే పని. ఫొటోలు, కేకు, అంతే. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు ఆ పద్ధతి మార్చేశారు. ఆరాధన మొక్కుబడి అయిపోయిందని, దానికి మళ్ళీ ప్రాణం పోయాలని ఆయన తపన. బాప్తిస్మం ఒక ఇంటి వేడుక కాదు, సంఘమంతా కలిసి ఒక బిడ్డను తమలో చేర్చుకోవడమని చెప్పి, తొట్టిని బెంచీల మధ్యకు జరిపించారు. ఆదివారం ఆరాధన నడుమ మెకానిక్ కూతురి నుదుట నీళ్ళు పోసి, ఆమెను ఎత్తుకుని బెంచీల మధ్య నడుస్తూ అందరినీ లేవమన్నారు.

"ఈ బిడ్డ మా బిడ్డ. మేము తోడుంటాం" అని చర్చి అంతా ఒక్క గొంతుతో అంది.

మెకానిక్ కళ్ళు తుడుచుకుంటూ భార్య చెవిలో, "చూశావా, ఒక్కపూటలో ఎంతమంది చుట్టాలయ్యారో" అన్నాడు.

నాలుగో ఏడు వచ్చినా పాపకి మాట రాలేదు సరికదా, మూర్ఛలు మొదలయ్యాయి. మందుల మత్తు దిగితే అరుపులు. చర్చిలో పాట ఎత్తుకోగానే తనూ గొంతెత్తేది. అది ఏడుపు కాదని, పాడటమేనని తండ్రికి తెలుసు. ఒకప్పుడు బుగ్గలు పుణికినవాళ్ళే తలలు తిప్పి చూశారు. తర్వాత చూడటం కూడా మానేసి బిగుసుకుని కూర్చున్నారు. అది మరీ కష్టంగా ఉండేది.

ఒకరోజు పాటల బృందం పెద్ద, రిటైరైన హెడ్మాస్టరు, ఇంటికి వచ్చారు. చెడ్డమనిషేం కాదు. కాసేపు నీళ్ళు నమిలి, చర్చిని ఆనుకుని అద్దాల గది ఉంది కదా, పాపని అక్కడ కూర్చోబెట్టండి, పాటలు వినబడేలా స్పీకరు పెట్టిస్తాం, పాపకి సుఖంగా ఉంటుందని చెప్పారు.

"ఎవరికి సుఖమండీ, పాపకా, మీకా?" అంది భార్య.

ఆయన లేచి వెళ్ళిపోయారు.

అయ్యగారు ఊరుకోలేదు. ఆ బిడ్డను అద్దం అవతల కూర్చోబెడితే ఆ రోజు పోసినవి ఉత్త నీళ్ళే అవుతాయని అందరి ముందూ చెప్పారు. దాంతో కొన్ని కుటుంబాలు రావడం మానేశాయి. మిగతావాళ్ళు పైవాళ్ళకి మొరపెట్టుకున్నారు. ఏడాది తిరక్కుండా అయ్యగారికి బదిలీ అయింది. వెళ్ళేముందు వచ్చి పాప దగ్గర నేలమీద చాలాసేపు కూర్చున్నారు. ప్రార్థన చేద్దామని నోరు తెరిచి, మానుకున్నారు.

"వాళ్ళచేత ఆ మాట అనిపించింది నేనే. అంతకంటే ఏమీ చేయలేకపోయాను" అన్నారు.

ఆయన వెళ్ళాక భార్య అంది, "మంచాయనే. మంచివాళ్ళు బదిలీ అయిపోతారు. మనం ఇక్కడే ఉంటాం."

ఆ తర్వాతి ఆదివారం తల్లీ కూతుళ్ళు అద్దాల గదిలో, తండ్రి బృందంలో. పాట నడుస్తుండగా పాప అద్దాన్ని అరచేతులతో బాదడం అతనికి కనిపించింది. చప్పుడు వినబడటం లేదు, నోరు మాత్రం తెరుచుకుని ఉంది. అతను పాడటం ఆపేశాడు. వరసలోంచి దిగి, గదిలోకి వెళ్ళి, పాపని ఎత్తుకుని భార్యతో బయటికి నడిచాడు. పాట ఆగలేదు. ఎవరైనా వెనకాల వస్తారేమోనని గేటు దగ్గర కాస్త నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. ఆ వారమూ రాలేదు, ఆ నెలా రాలేదు.

ఇప్పుడు ఆదివారాలు డ్యూటీ అడిగి మరీ వేయించుకుంటున్నాడు. ఆస్పత్రి లిఫ్టు కింద గుంతలోకి దిగి గ్రీజు పట్టిస్తుంటే, తోటి పనివాడు ఒకసారి పాట పాడమన్నాడు. మర్చిపోయానన్నాడు. నిజంగానే కొన్ని మర్చిపోయాడు.

వారాలు ఎలా గుర్తుపడుతుందో గాని, పాప ఆదివారం పొద్దున్నే చెప్పులు తొడుక్కుని గుమ్మంలో కూర్చుంటుంది. ఎండ లోపలికి వచ్చేదాకా కదలదు. మొదట్లో తల్లి ఏదో ఒకటి చెప్పి లోపలికి తీసుకెళ్ళేది. ఇప్పుడు చెప్పడానికి ఏమీ లేక, వంగి ఆ చెప్పులు విప్పుతుంది.