ఇరవైమూడో రంధ్రం

పుంగనూరులో మా వీధికి గోపాలస్వామి మున్సిపాలిటీ తరఫున నీళ్లు వదలబట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఇనప కడ్డీ ఒక కొన రోడ్డుకు ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని, లోపల పైపు ఎక్కడ కారుతున్నదో చెప్పేవాడు. చెప్పినచోట తవ్వితే తడి తగిలేది. అందుకని ఆయనకు కొంచెం గర్వం. కొంచెమేమిటి, బాగానే ఉండేది.

మరో నెలలో రిటైరవుతాడనగా కొత్త పని వచ్చిపడింది. నలభై ఏళ్లనాటి ఇనప పైపును తవ్వి తీయరట. జిగురు పట్టించిన గుడ్డ గొట్టాన్ని దాని లోపలికి దూర్చి, ఆవిరితో గట్టిపరుస్తారట. అప్పుడు ఇళ్ల కొళాయిలకు పోయే రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. ఒక చిన్న యంత్రం లోపలికి పోయి, రిజిస్టరులో ఉన్నవాటిని మళ్లీ తెరుస్తుంది. లేనివి అలాగే మూసుకుని ఉంటాయి.

ముందుగా కెమెరా పంపారు. కుప్పం నుంచి వచ్చిన ఇంజనీరు రేవతి స్క్రీను చూస్తూ రంధ్రాలు ఎంచింది.

"స్వామన్నా, రిజిస్టర్లో ఇరవైరెండు ఉండాయి. ఈడ ఇరవైమూడు కనిపిస్తాండాయి. ఇదేదో వాడకంలో లేనిదేమో. వదిలేద్దామా?"

అదెవరి కొళాయిదో గోపాలస్వామికి తెలుసు. అది ఆయన చేతి పనే. పద్దెనిమిదేళ్ల క్రితం, ఇంటి కాగితాలు చనిపోయిన భర్త పేరున ఉన్నాయని మా వీధి వెంకటలక్ష్మమ్మ కొళాయి అర్జీ మూడుసార్లు తిరిగొచ్చింది. చంటిపిల్లను చంకనేసుకుని ఆమె పక్కవీధి బోరింగు నుంచి బిందెలు మోయడం చూడలేక, ఒక ఆదివారం తానే కొళాయి బిగించి, అర్జీ మంజూరైందని చెప్పేశాడు. ఆ పిల్ల ఇప్పుడు మదనపల్లెలో కాలేజీకి పోతోంది. రిజిస్టరులో తర్వాత రాద్దాంలే అనుకున్నాడు, రాయలేదు.

ఇప్పుడు ఊఁ అంటే చాలు. నెల గడిస్తే పూలదండ వేసి పంపుతారు. నోరు విప్పితే ఇన్నేళ్ల మంచిపేరు పోతుంది. నిజంగానే భయపడ్డాడు. అలవాటుగా కడ్డీ రోడ్డుకు ఆనించి చెవి పెట్టాడు. నీళ్లు ఆపేసిన పైపులో ఏం వినిపిస్తుంది?

"వాడకంలోనే ఉండాదమ్మా. వెంకటలక్ష్మమ్మ కొళాయి. రాయకుండా ఇచ్చింది నేనే."

రేవతి రిజిస్టరు ముందుకు లాక్కుంది. "రాస్తే నీకు మెమో వస్తాదన్నా."

"రానీమ్మా. రాయకుంటే ఆయమ్మకు నీళ్లు రావు కదా."

రాసింది. మెమో వచ్చింది, వీడ్కోలు సభ వాయిదా పడింది. వీధంతా ముక్కున వేలేసుకుంది. నాకైతే ఆయన మీద గౌరవం పెరిగింది. వెంకటలక్ష్మమ్మకు మాత్రం ఈ సంగతి ఎవరమూ చెప్పలేదు.

పని ముగిసి నీళ్లు వదిలిన రోజు గోపాలస్వామి ఆమె ఇంటి ముందే నిలబడ్డాడు. కొళాయి గురగురమని, తర్వాత ధార కట్టింది.

"ఏమప్పా, మూడు దినాలు నీళ్లు లేకుండా సేస్తివే," అని తగులుకుంది వెంకటలక్ష్మమ్మ. "ఊరికే వచ్చిండే కొళాయా ఇది? మూడుసార్లు అర్జీ పెట్టి మంజూరు సేయించుకునింది."

"తప్పేనమ్మా," అన్నాడు గోపాలస్వామి, బిందె నిండేదాకా అక్కడే నిలబడి.