తొండి టీచరమ్మ

మా కింది పోర్షన్ టీచరమ్మ పోయారు. వారం రోజులుగా అంబర్‌పేట్‌లో కూతురింట్లో ఉంటున్నారు, అక్కడే నిద్రలో పోయారట. ఈ సంగతి నాకు చిక్కడపల్లి మార్కెట్లో తెలిసింది. కూరలమ్మే ఆమె నా సంచిలో కరివేపాకు పడేస్తూ, "మీ తొండి టీచరమ్మ పోయిందంట గద సార్, పాపం" అంది. తూకం వేయించుకున్న టమాటాలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను.

విన్నచోటే మా ఆవిడ స్టూలు మీద కూలబడింది. ఆరేళ్ళ మా పాప మాత్రం ఏడవలేదు. చెప్పులు వేసుకుంటున్నదల్లా ఆగి, కాసేపు ఆలోచించి, "తొండి చేస్తుండొచ్చు నాన్నా" అంది. "ఎవరన్న మంచిగ చూసిండ్రా?"

పిల్లను ఏమీ అనుకోకండి. తప్పు పోయినావిడదే. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు, చెబుతాను. కానీ అంతకుముందు ఒక నిజం ఒప్పుకోవాలి. ఆటలో ఆవిడంత పచ్చి మోసగత్తెను నేను చూడలేదు. ఆటలో మోసాన్నే మా పిల్లలు తొండి అంటారు. సర్కారు బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెప్పి రిటైరైన పెద్ద మనిషికి, సందంతా కలిసి గౌరవంగా పెట్టుకున్న పేరది.

నా గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలూ రీజనింగూ చెబుతాను. రైలు వంతెనను ఎంతసేపట్లో దాటుతుందో ఎవరిచేతనైనా అర నిమిషంలో చెప్పించగలను. ఒక్క మా పాపచేత మాత్రం ఒకటీ రెండూ చెప్పించలేకపోయాను. నాలుగేళ్ళు నిండినా నోరు విప్పేది కాదు. ఇంట్లో 'నీళ్ళు', 'వద్దు', అంతే. బయట అదీ లేదు. డాక్టరు అన్నీ చూసి, పిల్ల బాగానే ఉంది, తొందరపెట్టకండి అన్నాడు. నాకు తొందర తప్ప ఇంకేదీ చేతకాదు. సుల్తాన్ బజార్ నుంచి చార్టులు తెచ్చి గోడలు కనబడకుండా అంటించాను. అంకెలు హాల్లో, పండ్లు వంటింట్లో, చోటు చాలక జంతువులు బాత్రూమ్ తలుపుకి. పాప పళ్ళు తోముకుంటూ ఏనుగును చూసేది. ఏనుగు పాపను చూసేది. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు.

రెండు బళ్ళలో ఇంటర్వ్యూకి తీసుకెళ్ళాం. ఒకచోట మేడమ్ ఆపిల్ బొమ్మ చూపించి ఇదేమిటని అడిగింది. పాప ఆపిల్‌ని చూసి, మేడమ్‌ని చూసి, చివరికి జాలిగా నన్ను చూసింది. నేను జవాబును పెదాలతో అందిస్తూ దొరికిపోయాను. రెండో బడివాళ్ళు మెత్తగా, ఇలాంటి పిల్లలకు వేరే బళ్ళుంటాయి చూడండి అన్నారు. ఆ మాటకి మా ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇక మిగిలింది నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గరి బడి ఒక్కటే. దానికి రెండు నెలల గడువుంది.

అప్పుడు టీచరమ్మ దగ్గరికి వెళ్ళి, పాపకు ట్యూషన్ చెప్పమని అడిగాను. "పంపు సారూ. కానీ నెల రోజుల దాంక ఏం నేర్సుకున్నవని పిల్లనడగొద్దు. అడిగినవా, మల్ల పంపకు" అన్నారు. ఒప్పుకున్నాను. నాలుగో రోజే ఆగలేక, చెప్పుల చప్పుడు కాకుండా కిందికి దిగి చూశాను.

సెల్లార్‌లో స్కూటర్ల మధ్య సుద్దముక్కతో అష్టాచెమ్మ గీసి ఉంది. చుట్టూ నలుగురు పిల్లలు. ఆట మీకు తెలిసే ఉంటుంది. నాలుగు గవ్వలు వేసి, ఎన్ని పడితే అన్ని గళ్ళు కాయను జరుపుతూ చుట్టూ తిప్పి, నడిమి గడిలో పండించాలి. దారిలో ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలోకి సరిగ్గా చేరితే దాన్ని చంపి మొదటికి పంపొచ్చు. పిల్లల కాయలు చింతగింజలు, గాజుముక్కలు. టీచరమ్మవి నాలుగు టానిక్ సీసా మూతలు. ఆవిడ పీట మీద కూర్చుని గవ్వలు వేశారు. మూడు పడ్డాయి. మూతను నాలుగు గళ్ళు జరిపి, ఏమీ ఎరగనట్టు పైట సర్దుకున్నారు.

పరీక్షల మనిషిని, ఊరుకోలేకపోయాను. "టీచరు గారూ, మూడు పడితే నాలుగు జరిపారండీ" అన్నాను.

పిల్లలంతా నామీదికి లేచారు. "అంకుల్, నువ్వెందుకు చెప్పినవ్? మేం పట్టుకోవాలె!" అని పై అంతస్తు పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు తెలిసింది అక్కడి చట్టం. ఆవిడ తొండి చేస్తారు. పట్టుకున్నవాళ్ళు గళ్ళు మళ్ళీ లెక్కపెట్టి రుజువు చేయాలి. రుజువైతే ఆవిడ కాయ వెనక్కి, పట్టుకున్నవాళ్ళకు ఇంకోసారి గవ్వలేసే వంతు, గుప్పెడు పల్లీలు. ఓడిపోయే వేళకి ఆవిడ "అయ్యో నా మోకాలు" అంటూ కాలు చాపి కాయలన్నీ చెదరగొట్టేవారు. అప్పుడు ఏ కాయ ఎక్కడుందో గుర్తుచేసుకుని పేర్చే బాధ్యత కూడా పిల్లలదే.

"టీచరైన మీరే ఇలా మోసం చేస్తే పిల్లలేం నేర్చుకుంటారండీ?" అన్నాను.

"టీచరన్నంక దొరకాలె సారూ" అన్నారు. "దొరకని టీచరు దగ్గర పిల్లలు మొద్దులైతరు. నిలబడకు, కూసో, ఆడు."

కూర్చున్నాను. అష్ట, అంటే ఎనిమిది, పడే అవకాశం ఎంతో పిల్లలకు వేళ్ళమీద వివరిస్తుండగా, పండటానికి ఒక్క గడి దూరంలో ఉన్న నా కాయను ఐదేళ్ళ బుడత చంపేశాడు.

తర్వాత ఎప్పుడో టీచరమ్మే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ కూడా బెత్తం పట్టుకుని ఎక్కాలు వల్లె వేయించేవారట. ఒకరోజు పొరపాటున బోర్డు మీద కూడిక తప్పు వేశారు. వెనక బెంచీలో ఎప్పుడూ కునికే పిల్ల లేచి నిలబడి, తప్పని అరిచింది. క్లాసంతా లేచి చూసింది. "గా రోజు పోరగాండ్ల కండ్లు చూడాలె సారూ! మర్నాటి నుంచి రోజొక తప్పు. ఆటల పెడితే పది." మెచ్చుకుందామంటే వినే సమయం ఆవిడకుండేది కాదు. మనం మాట్లాడుతుంటే ఎవరి కాయనో జరిపేస్తుండేవారు.

పాప మాత్రం మూడు వారాలూ మాటలేకుండానే ఆడింది. గవ్వలు వేయడం, వేలితో గళ్ళు తడుముతూ జరపడం, అంతే. నాకు రాత్రిళ్ళు నారాయణగూడ బడే కలలోకి వచ్చేది. టీచరమ్మకు ఆ తొందర లేదు. "కోపం రానియ్యి సారూ, మాటొస్తది" అనేవారు.

ఒక సాయంత్రం క్లాసు నుంచి వచ్చి మెట్లెక్కబోతున్నాను. పాప కాయ నడిమి గడి పక్కనే ఉంది. టీచరమ్మకు మూడు పడ్డాయి. మూతను నాలుగు జరిపి, దర్జాగా పాప కాయను చంపి పక్కన పెట్టారు. పై అంతస్తు పిల్ల నోరు తెరవబోతే టీచరమ్మ దాని చెయ్యి నొక్కడం చూశాను.

పాప లేచి నిలబడింది. మొహం కందగడ్డ అయింది. "తొండి! మూడే పడ్డయి! నువ్వు నాలుగు జరిపినవ్! నా కాయ ఎందుకు చంపినవ్? నా కాయ నాకియ్యి!"

"నేనా? తొండా? ఎట్ల?" అన్నారు టీచరమ్మ అమాయకంగా.

"చూడు! ఒకటి. రెండు. మూడు. ఈడ ఆగాలె నువ్వు! ఈడ!" పాప వేలితో నేలను పొడిచి మరీ చూపించింది.

తాతల నాడు కోస్తా నుంచి వచ్చిన మా ఇంట్లో అలాంటి తెలుగు ఎవరూ మాట్లాడరు. నాకంతకంటే తియ్యటి తెలుగు ఇంతవరకు వినపడలేదు. పక్కనున్న స్కూటర్ మీద కూర్చుండిపోయాను. టీచరమ్మ రెండు చేతులూ ఎత్తేసి, "దొరికిన" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "సారూ, జర లెవ్వు, పల్లీల మీద కూసున్నవ్" అన్నారు.

నారాయణగూడ బడిలో మేడమ్ ఎనిమిది రంగు బిళ్ళలు పరిచి లెక్కపెట్టమంది. పాప ముందు బల్ల కిందికి వంగి చూసింది. తర్వాత, "చెయ్యి తియ్యి" అంది మేడమ్‌తో. మా ఆవిడ నా మోచేయి గిల్లింది. పాప ఎనిమిదీ లెక్కపెట్టి, "ఇప్పుడు నువ్వు పెట్టు, నేను చూస్త" అంది. ఆ మేడమ్ మంచిది, నవ్వేసి లెక్కపెట్టింది. సీటొచ్చింది. స్వీట్ డబ్బాతో వెళ్ళి చెబితే టీచరమ్మ, "మేడమ్ ఒక్క తొండన్న చేసిందా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే పిల్లకు ఆడ మజా రాదు, సాయంత్రం ఈడికే పంపు" అన్నారు.

ఆవిడ పద్ధతి నేనూ ఒకసారి ప్రయత్నించాను. కోచింగ్ సెంటర్ బోర్డు మీద కావాలని ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాసి, వెనక్కి తిరిగి ఎదురుచూశాను. హాలంతా తలలు వంచి నోట్సులో రాసుకుంది. ఆఖరి బెంచీలో ఒక చెయ్యి లేచింది. ప్రాణం లేచొచ్చింది. "సార్, ఇది షార్ట్‌కట్టా?" అన్నాడు ఆ కుర్రాడు. కిందికొచ్చి చెబితే టీచరమ్మకు నవ్వి నవ్వి నిజంగానే మోకాలు పట్టేసింది. కాయలు చెదిరాయి. పిల్లలు తొండి అని గోల చేశారు.

ఇప్పుడు చెబుతున్నాను, ఆవిడ ఉండగా చెప్పలేదు. మా పాపకు మాటలు ఇచ్చింది ఆవిడే. చేతులు జోడించి ఒక్కసారి అని ఉండాల్సింది. అనబోయినప్పుడల్లా నా కాయను జరిపేసేవారు.

పదకొండో రోజు వాళ్ళమ్మాయి వచ్చి, టానిక్ మూతలు నాలుగూ పాప చేతిలో పెట్టి వెళ్ళింది. ఆ సాయంత్రం పిల్లలు సెల్లార్‌లో గళ్ళు గీశారు. నన్నూ కూర్చోమన్నారు. పీట ఖాళీగా ఉంది. ఎవరూ తొండి చేయలేదు. ఆట సాఫీగా, చప్పగా సాగుతోంది. "మజా వస్తలేదు" అన్నాడు నా కాయను చంపిన బుడత.

పాప మూతలు తీసి పీట ముందు పేర్చింది. టీచరమ్మ వంతుకి తనే గవ్వలు వేసింది. మూడు పడ్డాయి. మూతను నాలుగు గళ్ళు జరిపింది. జరిపి, పైట లేకపోయినా భుజం మీద సర్దుకుని, నా మొహంలోకి చూసింది. పట్టుకోవాల్సింది నేనే. నోరు తెరిచాను, మాట రాలేదు. పాప మూత మీద వేలుంచి, తొందరేమీ లేనట్టు అలాగే కూర్చుంది.