నీలి తొట్టి రాహేలమ్మ

మొన్న హనుమకొండలో కిరాణా కొట్టుకు బెల్లం కోసం వెళ్తే, కొట్టతను పసుపుపచ్చగా మెరిసిపోతున్న అచ్చు ఒకటి నా ముందు పెట్టి, "సూడుండ్రి మేడం, ఎంత మంచిగ మెరుస్తాందో" అని మురిసిపోయాడు. చిన్న ముక్క గిల్లి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తీపి వాసన అడుగున, అప్పుడే ఆర్పిన అగ్గిపుల్లలా సన్నటి ఘాటు. "దీంట్ల హైడ్రోస్ కలిపిండ్రు. నాకు నల్లబెల్లం ఇయ్యి" అన్నాను. అదేమిటో అతనికి తెలియదు. నూలుకు రంగు వేసేచోట వాడే మందనీ, బెల్లానికి ఉన్న రంగును పోగొట్టడానికి కూడా కలుపుతారనీ చెప్తే నన్ను ఎగాదిగా చూశాడు. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. విసుక్కోనీ. నల్లబెల్లం బయటికి తెచ్చేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. ఈ వయసులో ఇంత మొండితనం ఎందుకని ఇంట్లోవాళ్ళు అడుగుతూ ఉంటారు. ఇది నాకు పుట్టుకతో వచ్చింది కాదు. రాహేలమ్మ దగ్గర నేర్చుకున్నాను.

డెబ్బైల చివర్లో, బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, వరంగల్‌లో జంపఖానాలు నేసే ఒక సంఘంలో టెంపరరీ ఉద్యోగానికి చేరాను. రంగుల షెడ్డుకు వచ్చే రసాయనాలు పరీక్షించి, బాగున్నాయని కాగితం మీద సంతకం పెట్టడం నా పని. ఆ షెడ్డులో నూలుకు రంగులు అద్దే మేస్త్రీ రాహేలమ్మ. తొర్రూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. నలభై అయిదేళ్ళుంటాయి. భర్త అదే షెడ్డులో మేస్త్రీగా చేసి పోయాడు. ఆయన పోయిన వారానికే ఈవిడ తొట్టి దగ్గర నిలబడి, ఇంక ఈ పని నాది అన్నదట. ఆవిడ గోళ్ళు ఎప్పుడూ నీలంగా ఉండేవి. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు కూడా ఆ చేతుల్ని కొంగులో దాచుకునేది కాదు. ఆఫీసులో అందరికీ పళ్ళెంలో చాయ్ వచ్చేది. ఆవిడ గ్లాసు మాత్రం వేరుగా, కిటికీ గట్టు మీద బోర్లించి ఉండేది. ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. నేనూ ఆ పళ్ళెంలోంచే తీసుకుని తాగేదాన్ని. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొదటిరోజే పెద్ద తప్పు చేశాను. హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్, దాని ఫార్ములా నిద్రలో లేపి అడిగినా చెప్పగలను కానీ, దాన్ని కంటితో చూడటం అదే మొదలు. మెత్తటి ఇసుకలాంటి తెల్లటి పొడి. నమూనా తీద్దామని చేతికి అందిన మగ్గు డబ్బాలో ముంచాను. మగ్గు తడిగా ఉంది. క్షణాల్లో డబ్బా వేడెక్కి, బుసబుసమని పొగ లేచింది, ఘాటుకు గొంతు పట్టేసింది. రాహేలమ్మ పరుగున వచ్చి ఆ డబ్బాను ఒక్క తన్ను తన్నింది. అది దొర్లుకుంటూ ఆరుబయట పడింది. వెంటనే నాలుగు బకెట్ల నీళ్ళు కుమ్మరించింది. నీళ్ళు తగిలే కదా మండింది, మళ్ళీ నీళ్ళెందుకని నేను దగ్గుతూనే అడిగాను. "జర్రంత తడి తగిలితే మండుతది. మునిగేటట్టు పోస్తే సల్లారుతది. గిది మీ కాలేజీల చెప్పలేదా?" అంది. చెప్పలేదు. ఆ రోజు నుంచి నన్ను 'కాలేజీ పిల్లా' అని పిలవడం మొదలుపెట్టింది.

తర్వాత నెలల్లో నేను చదివిన కెమిస్ట్రీని ఆవిడ మళ్ళీ మొదటి నుంచి చదివించింది. నీలిమందు నీళ్ళలో కరగదు. కాస్టిక్ సోడా, హైడ్రోస్ వేసి వేడిచేస్తే దాని నీలం విరిగిపోయి, ఆకుపచ్చ తిరిగి, చివరికి పసుపు రంగు నీరవుతుంది. అప్పుడు నూలు చిలపలు, అంటే చుట్టలుగా కట్టిన నూలు పోగులు, ముంచాలి. పైకి తీసినప్పుడు అవి పసుపుగానే ఉంటాయి. గాలి తగలగానే మన కళ్ళముందే ఆకుపచ్చగా, తర్వాత నీలంగా మారుతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరేది కాదు. "హైడ్రోస్ మంచిదైతే రంగు నూలు లోపల్కి పోతది. సచ్చిందైతే పైపైన కూసుంటది. పైన కూసున్న రంగు నిలువది బిడ్డా" అనేది. డబ్బాల మీద స్వచ్ఛత ఎనభై ఎనిమిది శాతం అని ఒక గ్రేడు, అంతకంటే తక్కువది ఇంకొకటి రాసి ఉండేవి. ఆవిడకు అక్షరాలు రావు. మూత తీసి, చిటికెడు వేళ్ళ మధ్య జార్చి, జారితే మంచిదనీ, గడ్డకడితే గాలి తగిలి చచ్చిందనీ చెప్పేసేది. నేను ల్యాబులో గంటసేపు కూర్చుని తేల్చే లెక్క ఆవిడ మాటకు కొంచెం అటూ ఇటూగా వచ్చేది.

ఆ రోజుల్లో హైడ్రోస్ దొరకడమే గగనం. ఎక్కడో బొంబాయి వైపు నుంచి రైల్లో రావాలి. అలా ఒకసారి సరుకు ఆలస్యమైతే, సంఘం అధ్యక్షుడి బామ్మర్ది ఎక్కడి నుంచో పన్నెండు డబ్బాలు తెప్పించాడు. డబ్బాలు గోదాములో దిగకముందే సెక్రటరీ కాగితం నా ముందు పెట్టాడు. "ఎనబై ఎనిమిది అని రాసే ఉన్నది గదమ్మా, ఆర్డరు ఆగితాంది, జర జల్ది పెట్టు" అన్నాడు. ఉద్యోగం టెంపరరీ, పర్మినెంటు చేసేది ఆయనే. 'పరీక్షించితిని, నాణ్యత సరిగా ఉన్నది' అని అచ్చువేసిన వాక్యం కింద సంతకం పెట్టాను. ఒక్క డబ్బా మూత కూడా తీయలేదు.

రెండు నెలలకు జంపఖానాలు లారీడు తిరిగి వచ్చాయి. కూర్చున్నవాళ్ళ పంచెలకు నీలం అంటుతోందట, నడిచినవాళ్ళ పాదాలు నీలమవుతున్నాయట. ఎవరో ఒకరి మీద నెట్టాలి కదా, రాహేలమ్మ మీద నెట్టారు. ఆడదానికి మేస్త్రీ పని ఇస్తే ఇలాగే ఉంటుందన్నారు. ఆదివారం మధ్యాహ్నం కమిటీ కూర్చుని ఆవిడను తీసేస్తుందని షెడ్డంతా తెలిసిపోయింది. సరుకు మంచిదే, రంగు వేసిన చేయే మంచిది కాదు అని వాళ్ళు చూపిస్తున్న సాక్ష్యం ఒక్కటే. నా సంతకం.

శనివారం పొద్దున షెడ్డులో ఆవిడ ఒక్కతే చిలపలు జాడిస్తుంటే దగ్గరికి వెళ్ళాను. "పెద్దమ్మా, నేను చూడకుండ సంతకం పెట్టిన" అన్నాను.

"నాకెర్కనే. మూతలు తీసింది నేను గద. అన్నిట్ల గడ్డలే. చూసినదానివైతే నువ్వు పెడుదువా?"

"మరి ఎవ్వలకు చెప్పలేదా?"

"మూడుసార్లు చెప్పిన సెక్రటరీకి. ఈ రంగు నిలువది, తొట్టి పెట్ట అన్న. కెమిస్టు సంతకం ఉన్నది, చదువురాని దానివి నీకేం ఎర్క అన్నడు. మూడొంతులు ఎక్కువ పోద్దామంటే డబ్బలు లెక్కబెట్టి ఇచ్చిండు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటవ్?"

ఆవిడ చిలపను గట్టిగా పిండి దండెం మీద వేసింది. "నన్నడుగుతవేంది? పెట్టిన చెయ్యి నీది" అంది. నన్ను ఓదారుస్తుందని ఆశపడ్డాను. ఓదార్చలేదు. అప్పుడు కోపం వచ్చింది, ఇంటికి వెళ్ళి ఏడ్చాను కూడా.

ఆదివారం ప్రార్థన ముగించుకుని, తెల్లచీర మార్చుకోకుండానే వచ్చింది. ఒక చేతిలో, నీలిమందులో కాస్టిక్ సోడా కలిపి కాచిన ఇత్తడి చెంబు, ఇంకో చేతిలో రెండు సీసాలు. ఒకదాంట్లో కిందటేడు మంచి సరుకులోంచి తీసి, బిరడా చుట్టూ మైనం పూసి దాచుకున్న హైడ్రోస్. రెండోదాంట్లో కొత్త డబ్బాలది. గదిలో పదిమంది కమిటీ పెద్దలు, గోడ వారగా నలుగురైదుగురు నేత కార్మికులు. "ఒక్కతీరుగ ఉన్నయి రెండు గ్లాసులు కావాలె" అంది. ఎవరూ కదల్లేదు. ఆవిడే ముందుకు వెళ్ళి, అధ్యక్షుడి ముందున్న పళ్ళెంలోంచి రెండు చాయ్ గ్లాసులు తీసుకుంది. ఎప్పుడూ తన చేయి తాకనివ్వని ఆ గ్లాసుల్ని బల్ల మధ్యలో పెట్టి, చెంబులోని వేడి నీలం సమానంగా పోసింది.

మొదటి గ్లాసులో పాత హైడ్రోస్ ఒక చెంచా. కాసేపటికి నీలం ఆకుపచ్చ అయ్యింది, ఆకుపచ్చ పసుపు అయ్యింది. రెండో గ్లాసులో కొత్తది ఒక చెంచా, రెండు, మూడు. కలుపుతూనే ఉంది. నీలం నీలంగానే ఉంది. "గిదీ మీ ఎనబై ఎనిమిది" అంది.

అధ్యక్షుడు గ్లాసుల వంక చూడలేదు. "తమాషాలు మాకెందుకు రాహేలు? చదువుకున్న పిల్ల పరీక్ష చేసి సంతకం పెట్టింది" అన్నాడు.

"ఆ పిల్ల గీడనే ఉన్నది. నోరు గూడ ఉన్నది. అడుగుండ్రి."

నా వైపు తిరిగి చూడలేదు. చూసి ఉంటే ఆవిడ కోసం చెప్పాననుకునేదాన్ని. లేచి నిలబడ్డాను. "పరీక్ష చెయ్యలేదు. మూత గూడ తియ్యలేదు. సెక్రటరీ గారు పెట్టమంటే పెట్టిన. తప్పు నాది" అన్నాను. బల్ల దగ్గరికి వెళ్ళి ఆ కాగితం తీసుకుని నా సంతకాన్ని అడ్డంగా కొట్టేశాను. కలం చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. గోడ దగ్గరి నుంచి ఒక ముసలి నేతగాడు లేచి, "ముందుగాల ఆ డబ్బలు వాపస్ పంపుండ్రి, ఆమె సంగతి తర్వాత" అన్నాడు. మిగతావాళ్ళూ గొంతు కలిపారు. డబ్బాలు వెనక్కి వెళ్ళాయి, రాహేలమ్మ ఉద్యోగం నిలిచింది. నన్ను మాత్రం మర్నాటి నుంచి రావద్దన్నారు.

బయట నల్లా దగ్గర ఆవిడ ఆ రెండు గ్లాసులూ బూడిదతో తోముతోంది. "ఏడుస్తానవా?" అంది తలెత్తకుండానే. లేదన్నాను. "ఏడిస్తే ఏడువు. సంతకం పెట్టినందుకు ఏడువు. కొట్టేసినందుకు ఏడువకు." తోమిన గ్లాసులు తీసుకెళ్ళి మళ్ళీ అధ్యక్షుడి పళ్ళెంలోనే బోర్లించి వచ్చింది. వాటిలో ఎవరు తాగారో, తాగలేదో నాకు తెలియదు.

ఏడాది తిరగకముందే నాకు ప్రభుత్వ నీటి పరీక్షల ల్యాబులో ఉద్యోగం వచ్చింది. అక్కడా కాగితాలే, అక్కడా జల్ది పెట్టమనేవాళ్ళే. సీసా మూత తీయకుండా, నీళ్ళు నా కళ్ళతో చూడకుండా ఒక్కదాని మీదా సంతకం పెట్టలేదు. పెట్టనన్న ప్రతిసారీ బదిలీ చేసేవారు, సామాను సర్దుకోవాల్సి వచ్చేది. పిల్లల బడి మారేది, మా ఆయన విసుక్కునేవారు. ఎనభైల మధ్యలో ఒకసారి వరంగల్ వచ్చినప్పుడు షెడ్డుకు వెళ్ళాను. రాహేలమ్మ జుట్టు నెరిసింది, గోళ్ళు అలాగే నీలంగా ఉన్నాయి. తన పక్కన పీట వేసి కూర్చోబెట్టి, నాకూ తనకూ ఒకే కెటిల్‌లోంచి, ఒకేరకం గ్లాసుల్లో చాయ్ పోసింది. నేను నా కష్టాలన్నీ ఏకరువు పెట్టాను. అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఎన్ని బదిలీలైనయే, కాలేజీ పిల్లా?"

"నాలుగు."

"గంతేనా!" అని పకపకా నవ్వింది.

ఆ తర్వాత నాకు ఇంకో ఐదు బదిలీలయ్యాయి. చెబుదామంటే ఆవిడ లేదు. అందుకే మీకు చెబుతున్నాను. మొత్తం తొమ్మిది.