అన్నకు నేనిచ్చిన మాత్రలు

స్టెంట్ వేయించుకున్నాక అన్న మాత్రలు మర్చిపోయాడని, అందుకే గుండెలో రక్తం మళ్లీ గడ్డకట్టిందని మా ఇంట్లో నమ్ముతారు. అది నిజం కాదు. రక్తం గడ్డకట్టకుండా అందరికీ ఇచ్చే మామూలు మాత్ర ఆయన ఒంటికి పనిచేయదని పరీక్షలో తేలి, డాక్టర్ వేరేది రాశారు. అది నేరేడ్‌మెట్‌లో ఎక్కడా దొరకని వారం, నాకూ స్టెంట్ ఉంది కాబట్టి నేను వేసుకునే ఆ మామూలు మాత్రలే ఇచ్చాను.

"ఇది నాకు పడదన్నరు కదరా."

"ఒక్క తల్లి పిల్లలం. నాకు పనిచేసేది నీకెందుకు చెయ్యదన్నా? నీదంతా పరేషానే."

నా మాత్రలు మొదలుపెట్టిన ఐదో రోజు అన్నను ఐసీయూలో చేర్చాం. బయట డాక్టర్, "ఏ మాత్ర వేసుకున్నారు?" అని అడిగారు. వదిన నావైపు చూసింది. ఆమె అటు వెళ్లేదాకా ఆగి, డాక్టర్ ఒక్కరికే చెప్పాను. ఆ కాసేపట్లో అన్నకేమైనా అయ్యుంటే?

అన్న కోలుకున్నాక, "నేనే మర్చిపోయిన" అని వదినతో అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, కాదనలేదు.