పాట ఏ నంబరు కేసెట్లో ఉంది?

జోగమ్మకు ఇంట్లో ఇద్దరితో పడదు. ఒకరు మొగుడు, ఇంకొకరు కూతురు. మొగుడు నరసింగరావు ఏ వస్తువునూ పారెయ్యడు. కూతురు ఛాయ ఏ వస్తువునూ కొనకుండా ఉండదు. ఆయన తిరగని ఫ్యాను రెక్కల్ని కూడా మంచం కింద దాస్తాడు. ఆవిడగారు పొద్దున్న ఫోన్లో వేలు పెట్టి మర్నాటికల్లా గుమ్మంలోకి అట్టపెట్టె తెప్పిస్తుంది. స్టీల్ ప్లాంటు కాలనీ సెక్టర్ 2లో వాళ్ళ క్వార్టరు అసలే అగ్గిపెట్టంత. ఒక గోడ వెంట పాత సామాను, ఇంకో గోడ వెంట కొత్త పెట్టెలు, మధ్యలో చీపురు పట్టుకుని ఒంటికాలి మీద నడిచేది జోగమ్మ.

నరసింగరావు స్టీల్ ప్లాంటులో రైలుపట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. చల్లారిన పట్టా చివర తెల్లరంగుతో నంబరు వెయ్యడం ఆయన పని. వేసినవాడు ప్లాంటులో వేసి ఊరుకోవచ్చు కదా! ఇంటికొచ్చి బకెట్టు అడుగున వేశాడు, స్టూలు కింద వేశాడు, గోడ గడియారం వెనక వేశాడు. జోగమ్మ విజయనగరం నుంచి ఈ హిందీ ఊరికి రైల్లో కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చుకున్న రుబ్బురోలుకీ నంబరు పడింది. పేరు రాసుకోవచ్చుగా అంటే, "పేరు సెరిగిపోద్ది, నంబరు ఉండిపోద్ది" అనేవాడు. ఏ నంబరు దేనిదో ఎలా తెలుస్తుందంటే తన నెత్తి మీద వేలితో కొట్టి చూపించేవాడు, లెక్కంతా అందులో ఉందన్నట్టు.

ఆ నెత్తి మీద జోగమ్మకు ఎప్పుడూ పెద్దగా నమ్మకం లేదు. మొన్న మనవరాలు పుట్టాక ఉన్న కాస్తా పోయింది.

ఛాయ పురిటికి పుట్టింటికి వచ్చింది. అత్తవారుండే దుర్గ్ దగ్గరే కనక వాళ్ళు రోజు విడిచి రోజు పాపను చూడడానికి వచ్చి పోతున్నారు. అల్లుడు సునీల్ వాళ్ళది తాతల నాటి నుంచి రైల్వే కుటుంబం. వియ్యపురాలు ఇందుమతి మంచిదే, కాకపోతే ఆవిడ చేసే ఏ పనైనా పది మందికీ తెలియాలి.

"వదినగారూ, ఉయ్యాల మేం బుక్ సేసీసేం. మీరేం కంగారు పడకండి," అందావిడ ఆ రోజు కాఫీ తాగుతూ. "లైట్లుంటాయి. దానికదే ఊగుతాది. లోరీ కూడా అదే పాడతాది. బటన్ నొక్కితే సాలు."

జోలపాట కూడా మిషనే పాడుతుందనేసరికి జోగమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కిన మంట నోటి గుండా బయటికొచ్చింది.

"లోరీ మా ఇంట్లో ఉన్నాది వదినగారూ. అమ్మమ్మ పాడందే మా పిల్లల్ని ఉయ్యాల్లో ఎయ్యం. ఛాయకి మా అమ్మ పాడింది. దీనికి నాను పాడతాను."

"అయితే ఇంకేం! ఆదివారం పాపని ఉయ్యాల్లో ఎయ్యడానికి మా ఆడపడుచులు నాగపూర్ నుంచి వస్తన్నారు. అందరం వింటాం."

ఇందుమతి వెళ్ళిపోయాక జోగమ్మ పాపను ఒళ్ళో వేసుకుని, ఒకసారి పాడి చూసుకుందామని గొంతు సవరించుకుంది.

ఊగవే సిట్టెమ్మ ఊగు మెల్లంగ
ఏటిగట్టు పిల్లగాలి ఎదురొచ్చె సల్లంగ

అంతే. ఆ తర్వాత ఏమీ లేదు. మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. మళ్ళీ ఆ పిల్లగాలి దగ్గరికే వచ్చి ఆగింది. వంటింట్లో అనుకుంది, స్నానాల గదిలో అనుకుంది, బియ్యం ఏరుతూ అనుకుంది. పాట ముందుకు కదలలేదు. తల్లి పోయి చాలా కాలమైంది. విజయనగరంలో ఉన్న పినతల్లి కూతురు నూకరత్నానికి ఫోను చేస్తే, "ఆ పాటలు ఇప్పుడెవులికి గుర్తున్నాయే? యూట్యూబ్‌లో సూడు" అని నవ్వింది. జోగమ్మ ఫోను పెట్టేసి నూకరత్నాన్ని కాసేపు తిట్టుకుంది. ఆ తర్వాత భయం వేసింది. ఇందుమతి ముందు పరువు పోవడం ఒక ఎత్తు. అమ్మ పాడిన ఒకే ఒక్క పాట తనకు రాకపోవడం ఇంకో ఎత్తు. ఆదివారం నాడు అందరి ముందూ ఆ రెండు లైన్ల దగ్గరే నిలబడిపోతే తను అమ్మకు కూతురెలా అవుతుంది?

"మమ్మీ, ఇతనా టెన్షన్ క్యోఁ?" అంది ఛాయ పాపకు పాలిస్తూ. "యూట్యూబ్‌లో తెలుగు లోరీలు ఎన్నో ఉన్నాయి. మంచిది ఒకటి సెలెక్ట్ చేసి పెట్టేద్దాం. బ్లూటూత్ స్పీకర్ ఆర్డర్ చేసేశాను, రేపే, కల్ ఆ జాయేగా."

"ఇంకోటా? మొన్నొచ్చింది ఏటి మరి?"

"అది చిన్నది మమ్మీ."

జోగమ్మ నోరు తెరిచేలోగా నరసింగరావు పేపరు పక్కన పెట్టాడు.

"కొత్తదెందుకు, ఇంట్లో ఉండగా? మీ అమ్మ పాట నాను కేసెట్లో ఎక్కించేను కదా."

ఈ మాట ఇన్ని రోజులు ఈయన నోట్లో ఏ మూల దాక్కుందో! పాట కోసం ఆవిడ గోడలకు తల కొట్టుకుంటుంటే వింటూ కూర్చున్న మనిషి, స్పీకరు ఖర్చు అనేసరికి నోరు విప్పాడు.

"కేసెట్టుంటే ఏం లాభం?" అంది జోగమ్మ. "టేప్ రికార్డరు దీపావళికి పాతసామాన్ల కబాడీవోడికి ఇచ్చీసేను కదా."

నరసింగరావు లేచి దివాన్ మంచం మూత ఎత్తాడు. పాత దుప్పట్ల కింద నుంచి, జోగమ్మ తన చేత్తో తూకం వేయించి పంపించిన ఆ టేప్ రికార్డరునే బయటికి తీశాడు. వీధి మలుపులో కబాడీవాణ్ణి ఆపి, వాడు ఇచ్చినదానికి రెట్టింపు పెట్టి వెనక్కి కొన్నాడట. అప్పటి నుంచి జోగమ్మ రోజూ మధ్యాహ్నం దాని మీదే పడుకుని కునుకు తీస్తోంది. ఆవిడకు సంతోషించాలో తిట్టాలో తెలియలేదు. ముందు తిట్టింది.

రేకు పెట్టె దించారు. అందులో వరుసగా కేసెట్లు. ఒక్కదాని మీద కూడా పేరు లేదు. ప్రతి దాని వీపునా తెల్లరంగుతో నంబరు.

"ఏ నంబరు?" అంది జోగమ్మ.

నరసింగరావు అలవాటుగా నెత్తి మీదికి వేలు పోనిచ్చాడు. వేలు అక్కడే ఉండిపోయింది.

"గుర్తు రాలేదేటి?"

"వస్తాది. కాస్త ఓపిక పట్టు."

రాలేదు. రాత్రి భోజనాల దగ్గరా రాలేదు, మర్నాడు కాఫీ దగ్గరా రాలేదు. అన్నీ వేసి వినడం తప్ప వేరే దారి లేకపోయింది. తీరా చూస్తే టేప్ రికార్డరు తిరగదు, లోపల రబ్బరు బెల్టు బంకలా కరిగిపోయింది. ఆయన పవర్ హౌస్ బజారుకు వెళ్ళి దుకాణాలన్నీ తిరిగి వచ్చాడు. ప్రతి చోటా ఆ బెల్టు లేదని చెప్పి కొత్త స్పీకరు చూపించారట. చివరికి సైకిలు ట్యూబును సన్నగా రింగులా కోసి తొడిగాడు. మొదట కోసింది బిగువు చాలక, ఎవరి గొంతు పెట్టినా గేదె అరిచినట్టు వినిపించింది. అది తీసి ఇంకోటి కోశాడు. దాంతో మనుషుల గొంతులు మనుషుల గొంతుల్లా వచ్చాయి.

ఆ గొంతుల్లో ఒక్కటీ జోగమ్మకు కావలసింది కాదు. ఒక కేసెట్లో యూనియన్ లీడరు ఉపన్యాసం, మధ్యలో చప్పట్లు. ఇంకోదాంట్లో క్రికెట్ కామెంటరీ, అదీ ఓడిపోయిన మ్యాచ్. ఇంకోదాంట్లో విశ్వకర్మ పూజ నాడు మిల్లులో పెట్టిన పాటల పోటీ, అందులో నరసింగరావే పాడాడు. అది విని ఆయన ముఖం వెలిగిపోయింది.

"నాకు సెకండ్ ప్రైజొచ్చింది," అన్నాడు ఛాయతో.

"పాడినోళ్ళెంత మంది, ఇద్దరేనా?" అంది జోగమ్మ. "తీసీయండి బేగి."

కేసెట్టు కేసెట్టుకూ ఆయన పాత రోజుల్లో మునుగుతున్నాడు, ఆవిడ ఆదివారం దగ్గర పడుతోందని కుతకుతలాడుతోంది. ఛాయ తలుపు వేసుకుని, పాప లేచిపోతోందని లోపల నుంచి అరుస్తోంది. ఆ గోలలో కొత్త స్పీకరు కూడా వచ్చేసింది. అట్టపెట్టె పెట్టడానికి చోటు లేక జోగమ్మ దాన్ని ఫ్రిజ్ మీదికి విసిరినంత పని చేసింది.

శనివారం మధ్యాహ్నం, పెట్టె అడుగున ఉన్న కేసెట్టు వేస్తే ముందు కుక్కరు కూత వినిపించింది. తర్వాత పసిపిల్ల ఏడుపు. తర్వాత వచ్చిన గొంతు విని జోగమ్మ కూర్చున్న చోట నుంచి కదలలేకపోయింది. అమ్మ.

ఊగవే సిట్టెమ్మ ఊగు మెల్లంగ
ఏటిగట్టు పిల్లగాలి ఎదురొచ్చె సల్లంగ

అక్కడ అమ్మ ఆగింది. సరిగ్గా అక్కడే.

"తర్వాత ఏటే జోగీ?" అంది టేపులో అమ్మ.

"నాకేటి తెల్సు? పాడేది నువ్వు కదా!" అని విసుక్కుంది ఎవరో పడుచు పిల్ల.

"సెప్పవే. సిన్నప్పుడు నీకు పాడలేదేటి? నోరు తెరు."

కాసేపు గరగర. తర్వాత ఆ పడుచు పిల్ల గొంతే, బిడియపడుతూ, మెల్లగా అందుకుంది.

మామయ్య తెచ్చేడు మల్లెపూదండ
అమ్మమ్మ తెచ్చింది అరిసెల కుండ

పాడుతూ పాడుతూ గొంతు విచ్చుకుంది. మేనత్త ఏం తెచ్చిందో, తాత ఏం తెచ్చాడో అన్నీ వరుసగా, ఎక్కడా తడుముకోకుండా చివరిదాకా పాడేసింది.

"ఎవులు ఆ పాడింది? పక్కింటోళ్ళా?" అంది జోగమ్మ.

నరసింగరావు ఆవిడ వైపు వింతగా చూశాడు. "నువ్వే."

టేపులో అమ్మ నవ్వింది. "వొచ్చీసింది కదా. ఇంక నాతో పన్లేదు," అంది. టక్కుమని చప్పుడై కేసెట్టు ఆగిపోయింది.

జోగమ్మకు ఏడుపొచ్చింది. దాని కంటే ముందు కోపమొచ్చింది, ఈసారి మొగుడి మీదా కూతురి మీదా కాదు. అమ్మ పాట అమ్మతోనే పోయిందని ఇన్నాళ్ళూ అనుకుంది. అమ్మ ఏమీ తీసుకుపోలేదు. ముసలిది మర్చిపోయినట్టు నటించి, మొత్తం పాటను తన నోట్లో పెట్టి మరీ వెళ్ళింది. పోగొట్టుకుంది తను.

"నూట పదకొండు! నాకిప్పుడు గుర్తొచ్చింది. పాట ఉన్న నంబరు నూట పదకొండు," అన్నాడు నరసింగరావు కేసెట్టు వీపు చూస్తూ.

"గుర్తు రావడం కాదది, సదవడం," అంది జోగమ్మ ముక్కు తుడుచుకుంటూ. "మొదటికి తిప్పండి."

ఆ సాయంత్రమంతా ఆ పాటే మోగింది. ఛాయ తలుపు తీసి, "బస్ కరో మమ్మీ, నా బుర్రలో అదే తిరుగుతోంది" అని చేతులు జోడించింది. జోగమ్మ వినిపించుకోలేదు. పడుకునే వేళకు పాట మొత్తం పొల్లుపోకుండా వచ్చేసింది. కళ్ళు మూసుకుని పాడినా వచ్చింది, దోసెలు వేస్తూ పాడినా వచ్చింది.

ఆదివారం ఇల్లు కిక్కిరిసిపోయింది. లైట్ల ఉయ్యాలను గుమ్మంలోంచి లోపలికి పట్టించడానికి నరసింగరావు స్టూళ్ళూ ఫ్యాను రెక్కలూ పెరట్లోకి మోయాల్సి వచ్చింది. నాగపూర్ ఆడపడుచులు ముందు వరుసలో కూర్చుని ఫోన్లు ఎత్తి పట్టారు. ఇందుమతి అందరినీ ఊరుకోమంది.

"మా వదినగారింట్లో పాటుందంట. వినండి."

జోగమ్మ పాపను ఎత్తుకుని మొదలుపెట్టింది. గొంతు ఖంగుమంది. పిల్లగాలి దాకా వచ్చింది. తర్వాతి మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. ఆవిడ ఆగింది. ఛాయ వైపు తిరిగింది.

"తర్వాత ఏటే?"

ఒక ఆడపడుచు కిసుక్కున నవ్వింది. ఛాయ ముఖం ఎర్రబడింది.

"మమ్మీ! నిన్నంతా ప్రాక్టీస్ చేశావు కదా!"

"సెప్పవే. తర్వాత ఏటి?"

"మర్చిపోయేరేటి వదినగారూ? పోన్లెండి, దాన్దేముంది," అంటూ ఇందుమతి ఉయ్యాల బటన్ వైపు చెయ్యి చాచింది. జోగమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. పట్టుకుని, కూతుర్నే చూస్తూ నిలబడింది. వచ్చిన పాటను ఇంత మంది ముందు రానట్టు మింగుకుని నిలబడడం ఆవిడ జన్మలో చెయ్యని పని. చెవులు కాలిపోతున్నాయి. అయినా నోరు విప్పలేదు.

ఛాయ తల్లిని కొరకొరా చూసింది. ఫోన్ల వైపు చూసింది. "క్యా మమ్మీ ఆప్ భీ..." అని గొణిగి, తలదించుకుని, పళ్ళ మధ్య నుంచి అంది.

మామయ్య తెచ్చేడు మల్లెపూదండ
అమ్మమ్మ తెచ్చింది... డబ్బా నిండ

తప్పు. దిద్దే మాట జోగమ్మ నోటి చివరిదాకా వచ్చింది. పెదవులు బిగించి, వంగి, పాపను ఉయ్యాల్లో పడుకోబెట్టింది.