సంతాపంలో పాడిన పాట

ఎల్మీర్ విద్రీన్ ఇరవై ఆరేళ్ళు బడి వంటశాలలో గరిట తిప్పింది. మధ్యాహ్నం దాకా మూడొందల మంది పిల్లలకి అన్నం, ఎర్ర చిక్కుడుగింజల కూర వడ్డించేది. ఆ తరవాత నోటుపుస్తకం చంకన పెట్టుకుని ముసలివాళ్ళ ఇళ్ళ మీద పడేది. లూసియానాలోని ఆ ప్రెరీ లాబిష్ ఊళ్ళో పాత ఫ్రెంచి పాటలు వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. పోయేవాళ్ళు పాటని కూడా పట్టుకుపోతున్నారు. ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. ఈవిడకి మాత్రం ఒక్క చరణం దక్కకపోయినా ఆ రాత్రి అన్నం సయించేది కాదు.

"మొగుడా పిల్లలా, పనేముంది నీకు! మా నోళ్ళ వెంట పడ్డావు," అని ముసలి క్లెయోపా ఆటపట్టించేవాడు.

"నీ నోట్లో పళ్ళు ఎలాగూ లేవు. పాటైనా మిగిలిందేమో చూద్దామని," అనేది ఎల్మీర్.

ఊరందరి పాటలూ రాసుకున్న ఈ మనిషికి కన్నతల్లి పాడగా విన్న జ్ఞాపకం ఒక్కటంటే ఒక్కటి లేదు. ఏడేళ్ళప్పుడు ఎల్మీర్ ఓసారి పెరట్లో 'పడవవాడి పాట' కూనిరాగం తీసింది. ఏటి అవతలికి పోయే పడవవాణ్ణి ఒక తల్లి అడిగే పాట అది: నా బిడ్డని దాటించావా, కాళ్ళు తడిశాయా అని. బట్టలు పిండుతున్న అమ్మ ఓజీత్ వచ్చి, తడి చేత్తో చెంప ఛెళ్ళుమనిపించింది. "ఆ పాట మనింట్లో వద్దు," అంది, అంతే. ఎల్మీర్ పుట్టకముందే మూడేళ్ళ అన్న క్లెబెర్ గొంతు వాచి చచ్చిపోయాడనీ, అమ్మ గొంతు వాడితోనే పోయిందనీ చుట్టాలు చెప్పేవాళ్ళు. ఎల్మీర్ నమ్మింది. చచ్చిపోయిన అన్న మీద ఏళ్ళ తరబడి కుళ్ళుకుంది కూడా. పాటలన్నీ వాడికేనా, తనకి ఒక్క జోలపాటైనా మిగల్చలేదే అని ఏడ్చుకునేది.

ఆ పడవవాడి పాటకి ఊళ్ళో సొంతదారు వేరే ఉంది. ఎల్మీర్ మేనత్త ఎవిలియా. పంతొమ్మిది వందల ముప్పై ఆరులో పట్నం నుంచి ఒకాయన కారు డిక్కీలో బరువైన యంత్రం వేసుకొచ్చి ఊరూరా పాటలు రికార్డు చేసుకుపోయాడు. ఈ పాట కింద ఆయన రాసుకున్న పేరు ఎవిలియాది. పేపర్లో ఫొటో పడింది. ఇంకేముంది, ఊరి సంబరాల హాలు గోడ మీద ఆవిడ మొహం చెక్కిన పలక వెలిసింది. చిత్రం ఏమిటంటే, యాభై మూడేళ్ళలో ఆవిడ ఆ పాట పాడగా విన్నవాడు ఊళ్ళో లేడు. పాడమంటే ఒక ఏడు దగ్గు, ఒక ఏడు సంతాపం. ఇంట్లో చావు జరిగితే ఏడాది దాకా పాట ఎత్తకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఎవిలియా అత్త అదృష్టమేమో గాని, ఎవరో ఒక దూరపు బంధువు ప్రతి ఏడూ టైముకి పోతూనే ఉన్నాడు!

ఆ వసంతంలో ఎల్మీర్ ఆ రికార్డు నకలు తెప్పించుకుంది, మాటలు సరిగా రాసుకుందామని. వంటింటి బల్ల మీద టేపు పెట్టి, పెన్ను పట్టుకుని కూర్చుంది. రెండో చరణానికి పెన్ను ఆగిపోయింది. గాయని 'స' అన్నప్పుడల్లా సన్నటి ఈల. అమ్మకి చిన్నప్పుడు బోరింగు చెయ్యి తగిలి ముందు పన్ను సగం విరిగింది. "సూప్ తాగావా" అన్నా, "సబ్బు తే" అన్నా ఆ ఈల వినిపించాల్సిందే. ఎవిలియా అత్తకి ఎనభై ఏళ్ళొచ్చినా ముప్పై రెండు పళ్ళూ తన సొంతవే. ఎల్మీర్ టేపుని పదకొండు సార్లు తిప్పి తిప్పి విని, మొహం కడుక్కుని, అత్త ఇంటికి నడిచింది.

ఎవిలియా వరండాలో రొయ్యలు ఒలుస్తోంది. టేపు చూడగానే ఆవిడ చేతులు ఆగాయి.

"అది అమ్మ గొంతు, అత్తా," అంది ఎల్మీర్.

ముసలావిడ చేతిలో రొయ్య గిన్నెలో పడేసింది. "అవును. ఓజీతే."

"ఎట్లా?"

"ఆ రికార్డుల పెద్దమనిషి మా మామగారి పాట కోసం వచ్చాడే. ఆయనేమో వరి మిల్లుకి పోయాడు. నన్ను పాడమన్నాడు, నాకు నాలిక పెగల్లేదు. మీ అమ్మ అప్పుడే గుడ్లు ఇవ్వడానికొచ్చింది. నల్ల బట్టల్లో ఉంది. క్లెబెర్ పోయి రెండు నెలలయినా కాలేదు. ఎందుకు పాడిందో నాకు తెలీదు. నుంచునే పాడింది. పాడాక ఒళ్ళు తెలిసి వణికిపోయింది. 'ఎవిలియా, సంతాపంలో పాడానని తెలిస్తే మీ అన్నయ్య నన్ను చంపేస్తాడు, నీ పేరు చెప్పు,' అని నా చేతులు పట్టుకుంది. చెప్పాను. తప్పా?"

"అది తప్పు కాదు. ఆ తరవాత?"

ఎవిలియా రొయ్య తొక్కలు ఒక పక్కకి ఊడ్చింది. "ఏడాది గడిచాక వచ్చింది. నల్ల బట్టలు తీసేసి వచ్చింది. 'ఇప్పుడు నా పేరు రాయమని ఉత్తరం వెయ్యి ఎవిలియా, నా కొడుకు పాట కదా,' అంది. వేస్తానన్నాను. అప్పటికే పేపర్లో నా ఫొటో పడిపోయిందే తల్లీ! వెయ్యలేదు. వేశానని చెప్పాను."

"అమ్మ మళ్ళీ పాడలేదు."

"ఒకసారి పాడింది, ఎవరిదో పెళ్ళిలో. ఆడపడుచు పాట ఎత్తుకొచ్చిందని ఆడవాళ్ళు నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను."

"నువ్వేం చేశావు?"

"నేనూ నవ్వాను," అంది ఎవిలియా.

చచ్చిపోయిన పసివాడి మీద ఇన్నేళ్ళూ పెట్టుకున్న కోపం అన్యాయపు కోపమని ఎల్మీర్‌కి అప్పుడు తెలిసింది. అమ్మ గొంతు నొక్కింది దుఃఖం కాదు, ఈ రొయ్యలు ఒలిచే చేతులు! ఒకటే అడిగింది: ఈస్టర్ తరవాతి శనివారం పాటల సంబరంలో, అందరి ముందూ, ఈ పాట ఓజీత్‌దని చెప్పాలి. ఎవిలియా సరేనంది. పైకి పోయాక ఓజీత్ ఎదురుపడితే ఏం చెప్పాలోనని తనకీ నిద్ర పట్టడం లేదంది.

శనివారం హాలు కిటకిటలాడింది. ముందు బెంచీల మీద పండగ భోజనం పళ్ళేలతో ముసలివాళ్ళు, వెనక వాళ్ళ మనవలు, మునిమనవలు. ఆ పిల్లల చొక్కాల మీద ఎవిలియా బొమ్మ. మనవడు డారెల్ మైకు పట్టుకుని ఆవిణ్ణి వేదిక ఎక్కించాడు. ఎవిలియా ఫ్రెంచిలో మొదలుపెట్టింది. ఒక్క ముక్క దాచలేదు. నల్ల బట్టలు, గుడ్లు, వెయ్యని ఉత్తరం, పెళ్ళిలో నవ్వు, అన్నీ చెప్పింది. ముందు బెంచీల మీద చెంచాలు ఆగిపోయాయి. వెనక పిల్లలు మాత్రం నాయనమ్మ ఎంత ముద్దుగా మాట్లాడుతోందోనని ఫొటోలు తీసుకున్నారు. చిన్నప్పుడు బళ్ళో ఫ్రెంచి మాట్లాడినందుకు మోకాళ్ళ మీద నిలబడ్డ తరం, తమ పిల్లలకి ఆ భాష అంటనివ్వలేదు మరి.

ఎవిలియా ఆగగానే డారెల్ మైకు అందుకుని ఇంగ్లీషులో, "మా నాయనమ్మ ఈ పాటని తన వదిన ఓజీత్‌కి అంకితం ఇస్తోంది!" అన్నాడు. వాడికి అందిన మాటలు 'పాట', 'ఓజీత్' రెండే. హాలంతా చప్పట్లు.

ఎల్మీర్ కుర్చీలు తోసుకుంటూ వేదిక ఎక్కింది. "అంకితం కాదురా! ఆ పాట మా అమ్మ పాడింది. మీ నాయనమ్మ పాడనేలేదు. ఇప్పుడామె చెప్పింది అదే!" అంది ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా.

చప్పట్లు ఆగాయి. డారెల్ నవ్వబోయి ఆగాడు. "నిజమా నాయనమ్మా? నువ్వు పాడలేదా?"

ఎవిలియా కిందికి చూసింది. ముందుకొచ్చి నిలబడ్డ ఆరేళ్ళ మునిమనవరాలు, చొక్కా మీద తన బొమ్మ. వచ్చీరాని ఇంగ్లీషులో అంది, "నేనే పాడానురా నాన్నా. పాపం ఎల్మీర్‌కి తల్లి మీద బెంగ."

"క్లెయోపా! నువ్వు విన్నావుగా! చెప్పు!" అని అరిచింది ఎల్మీర్.

క్లెయోపా పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. "పండగ పూట గొడవెందుకే అమ్మాయ్," అన్నాడు.

ఎవరో ఎల్మీర్‌ని రెక్క పట్టుకుని మర్యాదగానే కిందికి దించారు. వెనకాలే దిగి వచ్చిన ఎవిలియా ఆమె చెయ్యి పట్టుకుని ఫ్రెంచిలో గొణిగింది. "అడిగావు, చెప్పేశాను. దేవుడు విన్నాడు. ఇక నీకూ నాకూ సరి."

"నిజమేమో రేపో మాపో పోయేవాళ్ళకి చెప్పావు అత్తా," అంది ఎల్మీర్, చెయ్యి విడిపించుకుని. "అబద్ధం బతికుండేవాళ్ళకి చెప్పావు."

ఎవిలియా ఏదో అనబోయింది గాని వినబడలేదు. డారెల్ బృందం అకార్డియన్‌తో పడవవాడి పాట అందుకుంది. పెళ్ళిపాటంత హుషారుగా వాయించారు. కుర్రాళ్ళు అమ్మాయిల చేతులు పట్టుకుని నాట్యానికి లేచారు.