ఆస్ట్రేలియా రందా

పంతొమ్మిదివందల డెబ్బైలలో నాకు పాత రందాలు సేకరించే పిచ్చి ఉండేది. చెక్కను నునుపు చేసే ఇనుప రందాలు, అవీ ఆస్ట్రేలియాలో పోతపోసినవే. పైకి ఇంగ్లండువాటిలాగే ఉంటాయి. బ్లేడు తీసి, కింద పేరుకున్న మడ్డిని కిరసనాయిలుతో కడిగితే దేశం పేరు బయటపడుతుంది. పాతబస్తీలో ఆ సంగతి నాకొక్కడికే తెలుసని అనుకునేవాణ్ని. జాగీరు పోయాక గర్వపడడానికి నాకు వేరే ఏమీ లేదు.

పాతబస్తీ అవతల బార్కస్‌లో ఒక ముసలి వడ్రంగి మిస్త్రీ అలాంటి రందాతోనే ముప్పై ఏళ్లుగా తలుపులు చేస్తున్నాడు. కడిగి, అక్షరాలు చదివి, మర్నాడే తెచ్చిస్తానంటే ఇచ్చాడు.

అక్షరాలు కనిపించాయి. ఆ సంతోషంలో నూనె చేతులతో పైకెత్తాను. జారి గదిలో నేల బండ మీద పడింది.

పోత ఇనుము వంగదు, పగులుతుంది. బ్లేడు బయటికొచ్చే సందు పక్కన వెంట్రుకంత గీత ఉందో, నా కళ్ల భ్రమో తెలియలేదు. వేలికి వేలాడదీసి కొడితే పగలనిది గంటలా మోగుతుంది. ఆ పరీక్ష చేయడానికి నాకు చేతులాడలేదు. పనివాళ్ల ముందు తప్పు ఒప్పుకోవడం మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

మర్నాడు మిస్త్రీ దాన్ని వేలికి తగిలించి కొట్టాడు. టప్పుమంది, అంతే.

"కింద గిట్ల పడ్డదా సాబ్?"

"లేదు," అన్నాను.

ఆయన బ్లేడు మరను వేలితో తడిమాడు. "అయితే నేనే బ్లేడు మస్తు గట్టిగ బిగించినట్టున్న. చేతులకు అంతు తెలుస్తలేదు సాబ్." అరచేతులు తిప్పి చూసుకున్నాడు. ఇక పెద్ద తలుపుల పని ఒప్పుకోనన్నాడు.

రాత్రంతా పడ్డ భయం దీని ముందు ఏపాటిది?

"నా చేతిలోంచే పడింది," అన్నాను.

ఆయన నవ్వాడు. "నా దిల్ ఖరాబు కావద్దని అంటున్నరు. నాకు ఎరుక లేదా?"

ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి, అది పడ్డచోట మా ఇంట్లో నేల బండ పెచ్చు లేచింది, వచ్చి చూడమన్నాను. మా గదిలోకి మిస్త్రీని పిలవడం అదే మొదలు. ఆయన రందా చంకలో పెట్టుకుని వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని, రందా మూలను ఆ పెచ్చు లేచినచోట ఆనించాడు. సరిగ్గా కూర్చుంది. ఆయన ఇంకా తల ఎత్తలేదు. ఎప్పుడెత్తుతాడోనని తలుపు పట్టుకుని నిలబడ్డాను.